మా బొజ్జమ్మ మాడించిన మగ్గం

బొజ్జమ్మా,

నువ్వు లేవన్న కబురు నాకు ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. ఆ మధ్యాహ్నం నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాను. మీ నాయన మరమగ్గాల షెడ్డు నుంచి వచ్చి చెప్పులతోనే ఇంట్లోకి అడుగుపెట్టాడు. పని వేళలో షెడ్డు వదిలి వచ్చే మనిషి కాదు, చెప్పులతో లోపలికి వచ్చే మనిషి అంతకన్నా కాదు.

"స్టూడియో సారు ఫోన్ చేసినాడు. పాపకు ఒంట్లో బాగలేదంట. ఇద్దరూ రమ్మన్నాడు" అన్నాడు.

ఇద్దరూ అన్న మాట దగ్గరే పడుగులో పోగు నడిపే నాడె నా చేతిలో ఆగిపోయింది. దాన్ని పడుగు మీద పెట్టి లేచాను. డబ్బాలోంచి చక్కెర తీసి కొంగున ముడి వేసుకున్నాను. నీ ఒళ్ళు తూలినప్పుడల్లా నోట్లో వేసే మందు అదే కదా. తిరుత్తణిలో రైలెక్కి, అరక్కోణం, కడంబత్తూరు, తిరువళ్ళూరు, ఒక్కో స్టేషన్ దాటుతుంటే ఆ ముడి పట్టుకునే కూర్చున్నాను. మద్రాసు చేరేసరికి నా చేతి చెమటకు చక్కెర పాకమైపోయింది.

ఆసుపత్రి వరండాలో సారు నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి రెండడుగులు ముందుకొచ్చి, "వాంగమ్మా, సాప్టీంగళా?" అన్నాడు. రండమ్మా, తిన్నారా అని. లోపల నా బిడ్డ చల్లబడి పడుకుని ఉంది. ఆయన నన్ను తిన్నారా అని అడిగాడు.

చదివే అమ్మలారా, అయ్యలారా, బొజ్జమ్మను పిలిచి మొదలుపెట్టాను గానీ ఇది మీకోసమే రాస్తున్నాను. నా బిడ్డకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. తమిళ బడిలో చదువుకుంది. నేను మా పుట్టింటి పల్లెలో తెలుగు బడికి ఐదో తరగతి దాకా పోయాను, అక్షరాలు అక్కడివే. "నువ్వు రాసింది నేను చదవలేను, నేను చదివేది నీకు తెలీదు, మనిద్దరికీ మాటలే గతి మా" అని నవ్వేది. ఆ మాటలే ఇప్పుడు లేవు. ఇన్ని నెలలుగా నేను వెతుకుతున్నది ఒక్కటే, ఆమె గొంతు. ఎక్కడైనా, ఏ యంత్రంలోనైనా, ఒక్క "అమ్మా" దొరుకుతుందేమోనని. లోకంలోని చప్పుళ్ళన్నీ పట్టి దాచిన పిల్ల అది. దాని చప్పుడు దాచినవాళ్ళు ఎవరూ లేరు.

చిన్నప్పుడు దాని ఒంట్లో కనిపించేది కడుపే. కాళ్ళు చేతులు పుల్లలు, మధ్యలో కుండ. అందుకే బొజ్జమ్మ. నా చీర చింపి ఉయ్యాల కట్టి మగ్గం పక్కనే వేసేదాన్ని. ఒక కాలు తొక్కుడు చెక్క మీద, ఒక చెయ్యి ఉయ్యాల మీద. మగ్గం ఆగితే నిద్రలేచి ఏడ్చేది. మగ్గం మొదలైతే మళ్ళీ కళ్ళు మూసేది.

ఆరో తరగతిలో ఉండగా ఒక్కసారిగా ఎండిపోయింది. చెంబులు చెంబులు నీళ్ళు తాగేది. తిరువళ్ళూరులో డాక్టరమ్మ చూసి చక్కెర జబ్బన్నది, పసిపిల్లలకూ వస్తుందట. బతికినన్నాళ్ళూ సూది వేసుకోవాలని చెప్పింది. సూది ఎక్కడ వేసుకోవాలంటే, ఆ బొజ్జ మీదనే. డాక్టరమ్మ నాకు అర్థమయ్యేట్టు ఒకే మాట చెప్పింది: "సూది వేసినాక అన్నం ఆలస్యం కాకూడదమ్మా. సూది ఆగదు. లోపల అన్నం లేకపోతే మనిషిని తింటుంది."

ఈ మాట నాకు తెలుసు, వాళ్ళ నాయనకు తెలుసు. స్టూడియో సారుకూ తెలుసు. పనిలో చేరిన రోజే నా బిడ్డ ఆయనకు చెప్పింది.

ఆమె పని ఏమిటో ఊళ్ళో చెప్పడానికి నేను పడిన పాట్లు ఇన్నన్ని కావు. పాటలు పాడుతుందా? లేదు. వాయిస్తుందా? అదీ కాదు. కంప్యూటర్‌లో సాంప్లర్ అని ఒక వాద్యం ఉంటుంది. చేత్తో తాకడానికి దొరకదు. ఏ చప్పుడు పట్టి అందులో పోసినా దాన్ని హార్మోనియం మెట్ల మీద పరిచినట్టు పరుస్తుంది. కింది మెట్టు నొక్కితే ఆ చప్పుడే లావుగా, పై మెట్టు నొక్కితే సన్నగా. అంతవరకు ఎవరైనా చేస్తారట. ఆ పరిచిన చప్పుడుకు ప్రాణం పోయడమే ఆమె పని.

ఆ పని పేరు మొదటిసారి నా చెవిన పడిన పూట బాగా గుర్తు. నేను పెరట్లో రాట్నం మీద కండెలు చుడుతున్నాను. ఆమె లోపల ఫోన్‌లో ఎవరితోనో అరుస్తోంది: "మాడ్యులేషన్ సరిగా పడలేదు, బాగా మాడ్యులేట్ చెయ్యాల!"

నాకు వినబడింది మాడు అన్నదొక్కటే. కండె విసిరేసి వంటింట్లోకి పరుగెత్తాను. పొయ్యి మీద అన్నం కుతకుతమంటోంది, ఇంకా నీళ్ళు కూడా ఇగరలేదు. నేను కంగారుగా దించబోయి, కుండ ఒరిగి, గంజి అంతా పొయ్యి మీద పోసి మంటార్పాను.

"ఏం చేస్తాండావు మా?" అని వచ్చింది.

"మాడతాందంటివి గదే!"

ఆమె గోడకానుకుని, కడుపు పట్టుకుని, కిందికి జారిపోయేదాకా నవ్వింది. సాయంత్రం వాళ్ళ నాయనకు చెప్పింది. ఆయన ఊరుకుంటాడా? అరవంలో మాడు అంటే ఆవు కదా. "ఓహో, మీయమ్మ అన్నం అనుకున్నెది. నేను ఆవనుకుంటిని. పూటకెన్ని పాలిస్తాదే నీ మాడ్యులేషను?" అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ పనికి మాడింపు అనే పేరు. రైలు దిగి ఇంటికొస్తే "ఈ పొద్దు ఏం మాడించినావే?" అని అడిగేదాన్ని. "ఒక గుడి గంట మా. రవంత ఎక్కువే మాడింది" అనేది. తిరువళ్ళూరులో ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్న మా అన్న కొడుకు, ఆమెకు బావ వరస, వచ్చినప్పుడల్లా "ఏం మాడమ్మా, అంతా క్షేమమేనా?" అని మేడమ్‌ను అట్లా పలికి ఏడిపించేవాడు. "నీ అంగట్లో కాలిపోయిన ఫోన్ల కంటే నా మాడింపు మేలులే బావా" అనేది ఆమె.

ఒకనాడు నా మగ్గాన్నే పట్టాలన్నది. వీధిలో మిగతా మగ్గాలు మొదలు కాకముందే కావాలని పొద్దున్నే లేపింది. ఫ్యాన్ ఆపేసింది. కోడిని పొరుగింటికి తోలింది. గోడ గడియారం తీసుకుపోయి దుప్పట్లలో కప్పిపెట్టింది. మైకు తెచ్చి నా మోకాలి పక్కన పెట్టి, ఆ గుంట అంచునే గొంతుక్కూర్చుంది.

"తిని చేద్దువు రావే. రాగి సంగటి ఉండాది" అన్నాను.

"సుమ్మా ఉండు మా. తింటే ఊపిరి బరువుగా వస్తాది, మైకు పట్టేస్తాది. కడుపు ఖాళీగా ఉంటేనే మనిషి నిశ్శబ్దంగా ఉంటాడు. సూది కూడా ఇంకా వేసుకోలేదులే, భయపడొద్దు."

కడుపు ఖాళీగా ఉంటే నిశ్శబ్దమట. చదువుకున్న పిల్ల, చెవులే బతుకైన పిల్ల, అంత తప్పు లెక్క వేసింది.

తను చెయ్యి పైకెత్తితే నేను మగ్గం దెబ్బ కొట్టాలి, దించితే ఆపాలి. మెత్తగా కొట్టమన్నది, మధ్యస్తంగా కొట్టమన్నది, కోపం వచ్చినట్టు కొట్టమన్నది. "మీ నాయన మీద కోపమా, నీ మీదనా?" అన్నాను. మాట్లాడకుండా కళ్ళతోనే తిట్టింది. చెయ్యి పైన ఉన్నంతసేపు ఊపిరి బిగబట్టేది. మెడ నరాలు ఉబ్బేవి. నీళ్ళలో మునిగిన మనిషి మాదిరి ఉండేది.

తర్వాతి ఆదివారం, లాప్‌టాప్‌కు తగిలించిన జానెడు మెట్ల పలక ఒకటి నా ఒళ్ళో పెట్టి, "నొక్కు మా" అన్నది. నొక్కాను. నా మగ్గం పలికింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ, మళ్ళీ. టక్, టక్, టక్. కొంచెంసేపటికి నాకు విసుగొచ్చింది.

"ఇది నా మగ్గం కాదే. మీ నాయన షెడ్డులో ఉండే మరమగ్గం."

ముఖం చిన్నబోతుందేమో అనుకున్నాను. ఎగిరి గంతేసింది. "అదే మా! అదే నేను సారుకు చెప్తా ఉండేది! ఒకే దెబ్బను పట్టి పదిమార్లు కొడితే మరమగ్గమే అయిపోతాది. నీ చెయ్యి అట్ల కొట్టదు గదా. ఒకటి రవంత ముందు పడతాది, ఒకటి వెనక, ఒకటి మెత్తన, ఒకటి గట్టి. ఆ తేడా దీనికి నేర్పించేదే మాడింపు."

వాళ్ళ నాయన మగ్గం వదిలి షెడ్డుకు పోయిన కథ నా బిడ్డకు తెలుసు. ఇంట్లో ఆయన మగ్గం విప్పి అటక మీద పెట్టిన నాడు ఆమె ఏమీ మాట్లాడలేదు. కానీ ఆమె చేసిన పనంతా దానికి జవాబేనేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. యంత్రంతోనే యంత్రాన్ని చెయ్యిగా మార్చాలని చూసింది.

ఒక్కొక్కటి నాకు చూపించింది. పేర్లు ఇంగ్లీషువి, నోరు తిరగక మా పేర్లు మేమే పెట్టుకున్నాం. ఊగు అని ఒకటి. దెబ్బను సాగదీసి పొడుగు చేసి, దానికి ఊగు తగిలిస్తే ఆ చప్పుడు ఉయ్యాల ఊగినట్టు పైకీ కిందికీ పోతుంది. "నన్ను ఊపినావే, అంత నిదానంగా పెట్టినా మా" అన్నది. ఆ ఊగునే తీసుకుపోయి ఇంకోదానికి తగిలిస్తే, కుతకుత ఉడికే కుండ మీద మూత లేచి పడినట్టు, చప్పుడు నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. పలక ఎడమ పక్కన చిన్న చక్రం ఉంది. అది తిప్పితే ఊగు పెరుగుతుంది. నేను రాట్నం తిప్పినట్టు గిర్రున తిప్పాను. మగ్గం కాస్తా కల్లు తాగిన మామలాగా తూలింది.

"అంత తిప్పితే వాంతికి వస్తాది మా! రవంతే. వినేవాళ్ళకు మాడింపు ఉందని తెలవకూడదు. లేకుంటే మాత్రం ఏదో పోయిందని తెలవాల."

విడుపు అని ఇంకొకటి. మెట్టు మీద చెయ్యి తీసినాక చప్పుడు ఎంతసేపు ఉండాలి అన్నది అది.

"చెయ్యి తీస్తే పోవాల గదా?" అన్నాను.

"టక్కని పోతే వినేవాళ్ళకు గుచ్చుకుంటాది మా. చెయ్యి తీసినాక కూడా కొంచం ఉండి, నిదానంగా పోవాల."

ఎంత చక్కగా చెప్పింది! చెప్పింది ఒకటి, చేసింది ఒకటి.

ఆ మగ్గం చప్పుడు టీవీలో వచ్చింది. ఏదో సీరియల్‌లో ఒకమ్మాయి చీకటి మెట్లు దిగుతుంటే వెనక దబ్, దబ్ అని లావుగా, నెమ్మదిగా. మా పక్కింటామె గుండె మీద చెయ్యి వేసుకుని, "అబ్బ, భయమేస్తా ఉండాది మే" అన్నది.

"భయమెందుకు, అది నా మగ్గమే" అన్నాను.

"ఏమ్మే, ఎండకు తల తిరిగిందా నీకు? టీవీలో నీ మగ్గం యాడుండాది?"

చివరన పేర్లు పడ్డాయి. సారు పేరు పెద్దగా పడింది. టీ తెచ్చేవాళ్ళ పేర్లు కూడా పడ్డాయంటారు. నా బిడ్డ పేరు లేదు. "పేరుదేముంది మా, చప్పుడు మనదే గదా" అన్నది. సారు చెడ్డవాడు కాదనేది. "పొద్దున పోతానే సాప్టాచ్చా అని అడుగుతాడు మా, మళ్ళీ మధ్యాహ్నం అడుగుతాడు" అనేది. మా వైపు అందరం అడుగుతాం కదా, దండం పెట్టినట్టే తిన్నావా అంటాం. ఆయన అడిగి, జవాబు వినకుండానే గది దాటిపోయేవాడట. ఆ సంగతి ఆమెతో పనిచేసే అమ్మాయి తర్వాత చెప్పింది. నా బిడ్డ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు జరిగింది కూడా ఆ అమ్మాయే చెప్పింది. నా బిడ్డ సూది వేసుకుంది. చేతులు కడుక్కుంది. అన్నం డబ్బా ముందర పెట్టుకుంది. అప్పుడు సారు తలుపు తీసి, "సాప్టాచ్చా? సరి, వా వా" అన్నాడు. తిన్నావా, సరే, రా రా. ఎవరో పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారట, మగ్గం చప్పుడు ఇంకోవిధంగా కావాలన్నారట. అయిదు నిమిషాల పని అన్నాడు. ఆమె అద్దాల గదిలోకి పోయి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఒకటి చేసి పంపితే ఇంకోటి అడిగారు. అదయ్యాక ఇంకొకటి. ఆ తర్వాత వాళ్ళంతా బయట భోజనానికి పోయారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని వినడం ఆమెకు అలవాటే. అద్దంలోంచి చూసినవాళ్ళందరూ వింటోంది అనుకున్నారు. బల్ల మీద తల వాల్చినా వింటోందనే అనుకున్నారు.

సూది ఆగదు. డాక్టరమ్మ చెప్పింది కదా.

డబ్బా మాకు తిరిగి ఇచ్చారు, మూత నేను పొద్దున నొక్కినట్టే ఉంది. అది తీయడానికి నాకు చేతులు రాలేదు. వాళ్ళ నాయన తీసి గోడ మీద కాకులకు పెట్టాడు. వెంటనే వచ్చి తిన్నాయి. అయిదు నిమిషాలు ఆగమని చెప్పడానికి వాటికి సారు లేడు.

కర్మాంతరాలకు వచ్చినవాళ్ళలో ఒకాయన, పెద్దవాడు, చదువుకున్నవాడు, నా ముందు కూర్చుని, "పని చేస్తా చేస్తా పోయింది. అది యోగమమ్మా" అన్నాడు. అప్పుడే మూడో తూరి పాయసం పోయించుకున్నాడు. "ఆకలితో పోయేదానికి యోగమని పేరా అయ్యా?" అన్నాను. మా ఆయన నా భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. నా నోరు చెడ్డదని అప్పటినుంచి ఊళ్ళో పేరు. ఉండనీ.

గొంతు కోసం వెతకడం అప్పుడే మొదలైంది. నాది బటన్ల ఫోను. అందులో ఆమె మాట్లాడేది, పెట్టేసేది. దాచే వీలు దానికి లేదు. మా ఆడబిడ్డ కూతురి పెళ్ళి వీడియోలో నా బిడ్డ వడ్డిస్తూ ఏదో చెబుతోంది, పెదవులు కదులుతున్నాయి, వాటి మీద ఎవరిదో పాట అంటించారు. ఆమె ఫోను మా అన్న కొడుకు దగ్గరికి తీసుకుపోయాను. రాత్రింబవళ్ళు ఊరి ఫోన్లన్నీ తెరిచేవాడు, తన మరదలి ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"వేలిముద్రకు తెరుచుకుంటాది అత్తా. నంబరు ఎవరికీ తెలీదు. నేను తెరవాలంటే అంతా తుడిచేసి తెరవాల. లోపల ఏమీ మిగలదు."

ఆ వేలిని మేము కాల్చేసినాము.

ఇక మిగిలింది ఆమె లాప్‌టాప్. దాని తాళం మాట వాడికి తెలుసు, ఒకప్పుడు బాగుచేసి ఇచ్చింది వాడే. ఒక మధ్యాహ్నం ఇంటికి తెచ్చి మగ్గం పక్కన చాప వేసుకుని తెరిచాడు. మా ఆయన కూడా షెడ్డు మానుకుని వచ్చి కూర్చున్నాడు. ఎన్ని చప్పుళ్ళు! మా కుక్కరు. కడంబత్తూరు రైల్వే గేటు పడే చప్పుడు. కృత్తిక పండగకు తిరుత్తణి కొండెక్కే కావళ్ళ గజ్జెలు. పక్కింటి గ్రైండరు. మా ఆయన దగ్గు, ఎప్పుడు పట్టిందో. ప్రతిదాని వెనకా ఆమె ఉంది, ఊపిరి బిగబట్టుకుని. ఒక్కదాంట్లోనూ వినబడదు.

"ముందూ వెనకా మాట్లాడుంటాది గదరా? మొదలుపెట్టేముందు నాతో మాట్లాడతానే ఉన్నెది" అన్నాను.

"అవంతా కత్తిరించేసుండాది అత్తా. చప్పుడు మొదలయ్యే కాడ మొదలు, అయిపోయే కాడ ఆఖరు. పనిమంతురాలు. ఒక్క పోగు మిగల్లేదు."

"కత్తిరించినవి యాడ?"

వాడు తెర మీద ఖాళీ చెత్తబుట్ట బొమ్మ చూపించాడు.

చివరికి నా మగ్గం తెరిచాడు. నన్ను నొక్కమన్నాడు. గట్టిగా నొక్కితే కోపం మగ్గం, మధ్యస్తం, మెత్తన. అన్నిటికన్నా మెత్తగా, వేలు ఆన్చీ ఆన్చకుండా నొక్కాను. దెబ్బ పడింది. దాని వెనక, ఊగుతూ, మూత లేచి పడుతూ, ఏదో సన్నగా మూలిగింది.

"ఏందిరా అది?"

"ఏదో పాత కరకర అత్తా. మైకు ఈడ్చినట్టుండాది."

"మాడింపంతా తీసెయ్. ఉత్తది వినిపించు."

ఒక్కొక్కటి ఆపాడు. ఊగు ఆపాడు, మూత ఆపాడు, తేడాలన్నీ ఆపాడు. నేను మళ్ళీ నొక్కాను. నా మగ్గం మెత్తగా ఒక దెబ్బ. ఆ వెంటనే గుర్ర్‌ర్‌మని, చివరికి సన్నమై, పిల్లి కూన అరిచినట్టు.

అది నా బిడ్డ కడుపు. పేగుల అరుపు. ఒళ్ళో పడుకోబెట్టుకుని, చెవి ఆనించి, "బొజ్జలో ఎవరున్నారే?" అని ఆడినదాన్ని. ఆ కడుపు నాకు తెలుసు. సంగటి పొయ్యి మీదనే ఉంది ఆ పొద్దు. నోరు మూసింది, ముక్కు బిగబట్టింది, గడియారాన్ని కూడా దుప్పట్లో కప్పింది. ఆకలిని కప్పలేకపోయింది.

మా ఆయన లేచి పెరట్లోకి పోయాడు. అక్కడ నీళ్ళు పోస్తున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

అప్పుడే సారు ఫోన్ వచ్చిందంటే మీరు నమ్మరు. మా అన్న కొడుకు ఫోన్‌కు. అప్పటికే మూడు నాలుగు మార్లు చేసి ఉన్నాడట, లాప్‌టాప్ కోసం. వాడు మాట నాకు వినబడేట్టు పెట్టాడు.

"వణక్కం మా. సాప్టాచ్చా?"

"లేదు సారూ" అన్నాను.

"సరి మా, సంతోషం" అన్నాడు. ఆ వెంటనే తమిళంలో పనిలోకి దిగాడు: పాప చేసిన మగ్గం వాద్యం తనకు కావాలి, ఒక పెద్ద పని ఆగి ఉంది, అది పాపకే గౌరవం, మెత్తటి దెబ్బలో ఒక పాడు చప్పుడుంది, అది కత్తిరించి పంపమని పక్కనున్న తమ్ముడికి చెప్పండి, "అప్పుడే తీసెయ్యమని పాపకు చెప్పినా మా, ఉండనీ సార్ అని నవ్వింది" అని.

ఉండనీ అన్నదట. తెలిసే ఉంచింది. ఎందుకుంచిందో నాకు తెలియదు. ఎప్పుడో నాకు వినిపించి నవ్వుకుందామనో, ఊరికే చిలిపికో. అడగడానికి మనిషి లేదు.

"సారూ, నేను తినలేదంటే సంతోషమన్నారే" అన్నాను.

"అది... అలవాటు మా" అన్నాడు.

"ఆ పాడు చప్పుడు నా బిడ్డ కడుపు సారూ. ఆకలి. నా బిడ్డది ఈ లోకంలో మిగిలిన చప్పుడు అదొక్కటే. దాన్ని ఉంచి వాడుకునేటట్టయితే తీసుకోండి. కత్తిరించేటట్టయితే ఇయ్యను."

"అమ్మా, వచ్చినవాళ్ళు ఒప్పుకోరు మా..."

"అయితే వద్దు. వాళ్ళనే అడగండి, తిన్నారా అని."

మళ్ళీ ఆయన చేయలేదు. మరమగ్గం చప్పుడు ఏదో పెట్టుకుని పని ముగించి ఉంటాడు. అది ఎక్కడైనా దొరుకుతుంది.

మా అన్న కొడుకు లాప్‌టాప్ ఇక్కడే ఉంచి పోయాడు. తెరిచేది, నొక్కేది నేర్పించాడు. ఊరికి పోయేటప్పుడు "అత్తా, ఆ మాడింపంతా మళ్ళీ తగిలించేదా? అది చేసినట్టే ఉండాల గదా?" అన్నాడు. తగిలించమన్నాను. అది చేసినట్టే ఉండాలి.

మధ్యాహ్నం షెడ్డులో మరమగ్గాలు భోజనానికి ఆపుతారు. వీధి ఒక్కసారిగా చెవులు మూసుకున్నట్టు అయిపోతుంది. మా ఆయన వచ్చి చేతులు కడుక్కుని కూర్చుంటాడు. నాడె ఆ రోజు నేను పెట్టినచోటే పడుగు మీద ఉంది, దుమ్ము పట్టింది. నేను దాని పక్కన కూర్చుని ఒక మెట్టు మీద మెత్తగా వేలు ఆనిస్తాను. దెబ్బ పడుతుంది. దాని వెనక నా బొజ్జమ్మ కడుపు, ఉయ్యాలలో ఊగినట్టు ఊగుతూ అడుగుతుంది. వేలు తీసేస్తాను. తీసినాక కూడా అది టక్కని పోదు. కొంచెంసేపు గదిలో ఉంటుంది. అది పూర్తిగా పోయేదాకా మా ఆయన పళ్ళెంలో చెయ్యి పెట్టడు.

ఇంత చదివినారు. మీ పొయ్యి మీద అన్నం ఉంటే మాడకముందే దించుకోండి. ఎవరు పిలిచినా తర్వాత పోవచ్చు. కూర్చుని, కడుపునిండా తినండి.